లేత కాళ్లకు తొందరేల?

బంతి విసిరితే గాల్లోకి ఎగిరి పట్టుకోవాలి. గేటు మీద నుంచి అవలీలగా దూకాలి. వేలాడదీసిన టైరులోంచి బాణంలా దూసుకుపోవాలి. చూసినవాళ్లు చప్పట్లు కొట్టాలి... కుక్కపిల్ల ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచే పిల్లలు కనే కల ఇది. సెల్‌ఫోన్ తెరిస్తే చాలు, విదేశీ మైదానాల్లో చిరుతల్లా పరుగెత్తే కుక్కలు కనిపిస్తాయి. వాటిని చూశాక ఇంట్లోని నాలుగు నెలల కూన కూడా అలాగే ఎగరాలనిపిస్తుంది. ఎగురుతుంది కూడా! చిక్కంతా అక్కడే ఉంది. అడిగితే అది కాదనదు. కాళ్లు తట్టుకోలేకపోయినా కాదనదు.

ఎగరాలన్న ఉత్సాహం కూనకు మూడో నెలకే వస్తుంది. ఆ ఎగురుడు తట్టుకునే ఎముక రావడానికి ఏడాది పైనే పడుతుంది. ఈ రెండింటి మధ్యలో ఉన్న నెలలే ప్రమాదకరమైనవి. ఆ నెలల్లో దానికి అడ్డుచెప్పగలిగేది పెంచుకుంటున్న మనిషి ఒక్కడే.

గుర్రాల ఆట... కుక్కల బాట

కుక్కల అజిలిటీ పోటీ మరీ పాతదేం కాదు. 1978లో లండన్‌లో జరిగిన ప్రసిద్ధ క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో, రెండు కార్యక్రమాల మధ్య విరామంలో జనం విసుగెత్తకుండా ఏదో ఒకటి చూపించాలనుకున్నారు నిర్వాహకులు. గుర్రాలు అడ్డుకర్రల మీద నుంచి దూకే పందేన్ని కుక్కలతో ఆడిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. జనం ఊగిపోయారు. రెండేళ్లు తిరిగేసరికి, 1980లో, బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దాన్ని అధికారిక క్రీడగా గుర్తించింది. ఆ తరువాత ప్రపంచమంతా పాకింది.

ఆట చూడ్డానికి తేలికే. అడ్డుకర్రలు దూకాలి. సొరంగంలోంచి దూరి బయటికి రావాలి. వరసగా పాతిన పన్నెండు కర్రల మధ్య పాములా మెలికలు తిరుగుతూ పోవాలి. ఇంటి కప్పులా ఏటవాలుగా నిలబెట్టిన బల్ల ఎక్కి దిగాలి. సీ-సా బల్ల మీద నడవాలి. మెడకు తాడుండదు. యజమాని పక్కనే పరుగెడుతూ చేత్తో, గొంతుతో దారి చూపించాలే తప్ప కుక్కను ముట్టుకోకూడదు. నిజానికి ఇది కుక్కకు ఎంత పరీక్షో, మనిషికీ అంతే.

ఈ పోటీల నిబంధనలు చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఏటవాలు బల్ల అడుగుభాగాన వేరే రంగు పూస్తారు. దిగేటప్పుడు కుక్క పాదం ఆ రంగు మీద పడి తీరాలి. లేకపోతే తప్పు కిందే లెక్క. ఎందుకంటే పైనుంచే కిందికి దూకేస్తే భుజాలు దెబ్బతింటాయి. పాత రోజుల గట్టి టైర్లకు బదులు, కుక్క తగిలితే విడిపోయే టైర్లు వచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యం వయసు. అంతర్జాతీయ కుక్కల సమాఖ్య పోటీల్లో 18 నెలలు నిండని కుక్కకు ప్రవేశమే లేదు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ పోటీలకు కనీసం 15 నెలలు ఉండాలి. సెల్‌ఫోన్‌లో చూసి మురిసిపోయే ఆ కుక్కలన్నీ ఈ వయసు దాటినవే. ఆ సంగతి వీడియోలో కనిపించదు.

సెంట్రింగ్ ఎప్పుడు విప్పుతారు?

నందికొండ అంటేనే కట్టుబడికి పెట్టింది పేరు. నాగార్జునసాగర్‌ను మొదట్లో నందికొండ ప్రాజెక్టనే పిలిచేవారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. రాయి మీద రాయి పేర్చి కట్టడానికి అన్నేళ్లు పట్టింది. హిల్ కాలనీలో, పైలాన్ కాలనీలో ఆ పని చూసిన కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఒక ఇంటి వాకిట్లో, మేస్త్రీ పని చేసి చేతులు కాయలు కాసిన తాత, ఆరో తరగతి మనవడు, ఐదు నెలల లాబ్రడార్ పిల్ల ఉన్నారనుకుందాం. మాటలు ఇలాగే సాగుతాయి.

''తాతా, గిది ఎంత ఎత్తు దుంకుతదో చూడు!''

''ఆగురా బిడ్డా. స్లాబు పోసినంక సెంట్రింగు అదే రోజు ఇప్పుతరా?''

''ఇప్పరు. నీళ్లు పట్టాలె.''

''తొందరపడి ఇప్పితే?''

''కూలుతది.''

''మరి దీని బొక్కలు గూడ గట్లనే. ఇంక పచ్చిగున్నయ్. ఎండనీయ్.''

పశువైద్యులు చెప్పేదీ దాదాపు ఇదే. కూనల పొడవాటి ఎముకల చివర్లలో మెత్తటి మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది. దాన్నే గ్రోత్ ప్లేట్ అంటారు. ఎముక పొడవు పెరిగేది అక్కడే. పెరుగుదల పూర్తయ్యాక ఆ పొర గట్టిపడి ఎముకలో కలిసిపోతుంది. అప్పటిదాకా కాలు మొత్తంలో బలహీనమైన చోటు అదే. పెద్ద కుక్కకు కాలు బెణికే దెబ్బ తగిలితే, పిల్లకు అదే దెబ్బతో ఈ పొర చిట్లవచ్చు.

చిన్న జాతి కుక్కల్లో ఈ పొరలు దాదాపు 8-10 నెలలకు మూసుకుంటాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకు 12-15 నెలలు పడుతుంది. గ్రేట్ డేన్ లాంటి భారీ కుక్కలకు 18 నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. చిన్నతనంలోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే ఇంకాస్త ఆలస్యమవుతుంది. పైకి చూసి కచ్చితంగా చెప్పడం కష్టం. ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది.

దెబ్బతింటే ఏమవుతుంది? కుక్క ముంజేతిలో రెండు ఎముకలు పక్కపక్కనే పెరుగుతాయి. వాటిలో ఒకదాని పొర దెబ్బతిని పెరగడం ఆగిపోయిందనుకోండి. రెండోది ఆగదు, తన మానాన తను పెరుగుతూనే ఉంటుంది. కట్టేసిన విల్లులా కాలు వంగిపోతుంది. పాదం పక్కకు తిరుగుతుంది. మోచేయి కీలు అరుగుతుంది. కొన్నిటికి శస్త్రచికిత్స ఉంది కానీ, అందుకు నందికొండ నుంచి దాదాపు 150 కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్ వెళ్లాల్సి రావచ్చు. అదీ వేళకు కనిపెడితేనే. కనిపెట్టకపోతే ఆ పదేళ్లూ పన్నెండేళ్లూ కుంటుతూనే బతకాలి. ఓ సాయంత్రం చప్పట్ల కోసం అంత మూల్యమా?

ఊరి కుక్కలకు ఎవరు నేర్పారు?

''ఇవన్నీ పట్నం ముచ్చట్లు. మన ఊరి కుక్కలు గోడలు దూకడం లేదా?'' అనేవాళ్లూ ఉంటారు. ప్రశ్న సబబే. కృష్ణకు ఆవల నల్లమలలో చెంచుల వెంట తరతరాలుగా కుక్కలు తిరిగాయి. గొల్లకురుమల మందల వెంట ఇప్పటికీ నడుస్తున్నాయి. కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గరి పందికోన కుక్కలకు గట్టి పిండాలుగా పేరుంది. వాటికే అకాడమీ శిక్షణ ఇచ్చింది?

జాగ్రత్తగా గమనిస్తే తేడా తెలుస్తుంది. మంద వెంట నడిచే కూన తన ఇష్టప్రకారం నడుస్తుంది. అలసిపోతే తుమ్మచెట్టు నీడన కూలబడుతుంది. గట్టు ఎత్తుగా ఉంటే చుట్టూ తిరిగి వస్తుంది. మెత్తటి దుక్కి మీద, ఎగుడుదిగుడు నేల మీద దాని కండరాలు వాటంతటవే బలపడతాయి. ఒకే గోడను ఇరవైసార్లు దూకమని దాన్ని ఎవరూ అడగరు. పైగా కాలు విరిగి వెనకబడిపోయిన కూనల లెక్క ఎవరి దగ్గరా ఉండదు. కంటికి కనిపించేవి తట్టుకుని నిలిచినవే.

ఈ తేడాను బలపరిచే పరిశోధన ఒకటి 2012లో నార్వే నుంచి వచ్చింది. లాబ్రడార్, న్యూఫౌండ్‌లాండ్, లియోన్‌బర్గర్, ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ జాతులకు చెందిన దాదాపు 500 కుక్కల్ని పుట్టినప్పటి నుంచి గమనించారు. మొదటి మూడు నెలల్లో రోజూ మెట్లెక్కి దిగిన కూనల్లో తుంటి కీలు సరిగ్గా అమరకపోవడమనే జబ్బు ఎక్కువగా కనిపించింది. అదే వయసులో ఆరుబయట మెత్తటి నేలపై స్వేచ్ఛగా తిరిగినవాటిలో తక్కువగా కనిపించింది. అంటే కూనను కట్టేసి కూర్చోబెట్టమని కాదు. తిరగనివ్వాలి. ఎంత తిరగాలో దాన్నే నిర్ణయించుకోనివ్వాలి. నెలకు ఐదు నిమిషాల చొప్పున నడిపించాలన్న సూత్రం ఒకటి చాలామంది చెబుతుంటారు. దాని వెనక గట్టి పరిశోధనేమీ లేదు. గడియారం కన్నా కూన ముఖం చూడటమే మేలు.

ఇంట్లోనే పొంచి ఉన్నవి

ప్రమాదం మైదానంలోనే ఉంటుందనుకుంటే పొరపాటు. నున్నటి గ్రానైటు, టైల్సు, అరిగిన షాబాదు బండలు... వీటి మీద బంతి వెంట పరుగెత్తే కూన మలుపు తిరిగేటప్పుడు నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారతాయి. రోజూ అలా జారితే తుంటికీ మోకాలికీ చేటే. ఆట ఆడించే చోట పాత గోనెసంచో, చాపో, రబ్బరు పట్టానో పరిస్తే సరిపోతుంది. డాబా మెట్లు రోజుకు పదిసార్లు ఎక్కించి దించడం, మంచం మీద నుంచి దూకనివ్వడం, బైకు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని ఆపగానే దిగమనడం కూడా అలాంటివే. ఎత్తుకుని దించడానికి ఎంతసేపు పడుతుంది?

మరో అలవాటు కాల్షియం సిరప్. ఎముకలు గట్టిపడాలని ప్రేమ కొద్దీ మందుల షాపులో కొని తాగిస్తారు. పెద్ద జాతి కూనలకు అదనపు కాల్షియం మేలుకు బదులు కీడు చేస్తుంది. ఎముక పెరుగుదలే గాడి తప్పుతుంది. సమతులమైన కూనల దాణా పెడుతుంటే వేరే కాల్షియం అక్కర్లేదు. ఇంటి తిండి పెడుతుంటే ఎంత కావాలో పశువైద్యుడే చెప్పాలి. బొద్దుగా ఉంటే ముద్దుగా ఉంటుందన్నదీ అంతే. ప్రతి అదనపు కిలో లేత కీళ్ల మీదే పడుతుంది. చేత్తో తడిమితే పక్కటెముకలు తెలియాలి, కంటికి పొడుచుకు రాకూడదు.

నందికొండ నేల, ఎండ, కాలువ

ఎక్కడి శిక్షణకైనా అక్కడి నేలను చూసుకోవాల్సిందే. నందికొండ చుట్టుపక్కల మొరం నేల, రాతి బోళ్లు. సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ పాదంలో దిగితే కూన ఆ కాలు ఎత్తి మూడు కాళ్లతో దూకుతుంది. బరువంతా మిగతా కాళ్ల మీద పడుతుంది. అందుకే ఆడించే చోటును ముందు మనిషి చెప్పుల్లేకుండా నడిచి చూడాలి. తన కాలికి గుచ్చుకున్నదేదో దాని కాలికీ గుచ్చుకుంటుంది. ఆట అయ్యాక వేళ్ల సందులు, చెవుల వెనక తడిమి చూడాలి. ముళ్లే కాదు, గోమార్లు కూడా దొరుకుతాయి. వాటి వల్ల వచ్చే జ్వరం కుక్కల్ని నిలువునా నీరసింపజేస్తుంది.

ఇక ఎండ. నల్గొండ జిల్లా వేసవి సంగతి చెప్పనక్కర్లేదు. మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల్లో తప్ప చెమట పట్టదు. వగర్చడమే దానికున్న ఫ్యాను. మామూలుగా దాని ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. అది 106 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. వేసవిలో సూర్యోదయం వేళో, నేల పూర్తిగా చల్లారాకో తప్ప ఆడించకూడదు. అరచేతి వెనకభాగాన్ని ఏడెనిమిది సెకన్లు నేలకు ఆనించి చూడాలి. చేయి ఆగకపోతే పాదం కూడా ఆగదు. ఆగకుండా వగర్చడం, చిక్కటి చొంగ, ఎర్రబారిన చిగుళ్లు, తూలుతున్న నడక కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలి. ముందు చల్లబరచాలి, ఆ తరువాతే ఆసుపత్రికి ప్రయాణం. చల్లబరచకుండా ఆటోలో పరుగెత్తడం వల్ల విలువైన నిమిషాలు పోతాయి.

చల్లగా ఉంటుందని కాలువ గట్టుకు తీసుకెళ్తారు కొందరు. ఎడమ కాలువ చూడ్డానికి ఎంత అందమో, కూనకు అంత ప్రమాదం. సిమెంటు లైనింగు ఉన్న చోట ఏటవాలు గట్టు తడిస్తే గోళ్లకు పట్టు దొరకదు. ఈత వచ్చిన కుక్క కూడా ఎక్కలేక అలసిపోతుంది. దాని వెనకే పిల్లలు దిగుతారన్నది ఇంకా పెద్ద భయం. బంతి ఆట, దూకుడు ఆట కాలువకు ఆమడ దూరంలోనే ఆడాలి.

టీకాల సంగతి మరవకూడదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, అక్కణ్నుంచి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాలు వచ్చేదాకా వేయించాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఇవి పూర్తికాకముందే పది కుక్కలు తిరిగే మైదానానికి తీసుకెళ్తే పార్వో లాంటి జబ్బులు అంటుకుంటాయి. అప్పటిదాకా సొంత వాకిలే మైదానం.

మరి ఏడాదంతా ఏం నేర్పాలి?

చాలా నేర్పవచ్చు. మొయినాబాద్‌లోని సమీకృత ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో తెలంగాణ పోలీసు జాగిలాలకు నెలల తరబడి శిక్షణ ఇస్తారు. పాసింగ్ అవుట్ పరేడ్ రోజున అవి అడ్డంకులు దాటుతుంటే చూసేవాళ్లు నోరు తెరుస్తారు. కానీ ఏ జాగిలానికైనా పునాది పిలిస్తే రావడం, ఆగమంటే ఆగడం, మనిషి కళ్లలోకి చూడటం. ఈ పాఠాలకు ఎముకలు ముదరనక్కర్లేదు. రెండో నెలలోనే మొదలుపెట్టవచ్చు.

నేల మీద పరిచిన నిచ్చెన మెట్ల మధ్య నెమ్మదిగా నడిపిస్తే వెనక కాళ్లు ఎక్కడ పడుతున్నాయో కూనకు తెలిసివస్తుంది. చాలా కుక్కలకు ఆ స్పృహే ఉండదు. ముందు కాళ్లు వెళ్లిన చోటికి వెనక కాళ్లు వాటంతటవే వస్తాయనుకుంటాయి! రెండు కుర్చీల మీద దుప్పటి కప్పితే సొరంగం సిద్ధం. పొట్టిగా, తిన్నగా, అవతలి వెలుతురు కనిపించేలా ఉంటే చాలు. కింద ఇటుక పెట్టిన పలక అటూఇటూ ఊగితే భయపడకుండా నిలబడటం రేపటి సీ-సా బల్లకు తొలి పాఠం. అడ్డుకర్రను నేల మీదే పెట్టి దాటించాలి. పైకెత్తాల్సి వచ్చినా కూన ముందరి పాదం పైనున్న కీలు ఎత్తును మించకూడదు. ఎత్తైన దూకుళ్లు, ఏటవాలు బల్ల, పన్నెండు కర్రల మెలికలు ఎముకలు ముదిరాకే.

పాఠం రెండు మూడు నిమిషాలు చాలు. రోజుకు రెండు మూడుసార్లు. చిన్న ఉడికించిన కోడిమాంసం ముక్కో, గుడ్డు ముక్కో బహుమతి. చాక్లెట్టు, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ మాత్రం విషంతో సమానం. ఇంకా కావాలని కూన తోక ఊపుతుండగానే ఆపేయడం అసలైన కిటుకు. రేపటి పాఠానికి అదే పరుగెత్తుకొస్తుంది.

కొట్టి నేర్పాలనుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. జంతువును కొట్టి హింసించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం కూడా. చట్టం సంగతి అటుంచినా, కర్రకు భయపడిన కుక్క నొప్పిని దాచుకుంటుంది. దాచుకున్న నొప్పే కదా అసలు ప్రమాదం!

కుక్క నొప్పి అని చెప్పదు. నిన్న దూకినదాన్ని ఇవాళ దూకకపోవచ్చు. కూర్చోమంటే ఓ పక్కకు ఒరిగి కూర్చోవచ్చు. పరుగెత్తేటప్పుడు వెనక రెండు కాళ్లూ కలిపి కుందేలులా గెంతవచ్చు. నిద్ర లేచాక మొదటి నాలుగడుగులు బిగుసుకుపోయినట్టు వేయవచ్చు. ఒకే కీలును అదేపనిగా నాకవచ్చు. ఇంట్లోవాళ్లు దీన్ని మొండితనం అంటారు, బద్ధకం అంటారు. ఒకటి రెండు రోజులు ఆట ఆపి చూడాలి. తగ్గకపోతే పశువైద్యుడికి చూపించాలి. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వేయకూడదు. మనిషికి మామూలైన మాత్ర కుక్క ప్రాణం తీయగలదు.

ఏడాదీ ఏడాదిన్నరా ఇలా గడిచాక, ఎముకలు కుదురుకున్నాయని వైద్యుడు చెప్పాక, కర్రను పైకి లేపవచ్చు. వారానికి కొద్దికొద్దిగా, ఒక్కో రోజు నాలుగైదు దూకుళ్లతో, మధ్యలో విరామం ఇస్తూ. అప్పటికి ఆ కుక్కకు పిలుపు తెలుసు, ఆగడం తెలుసు, తన వెనక కాళ్లు ఎక్కడున్నాయో తెలుసు. దాని ముఖం చూసి అలసటను పట్టుకోవడం ఆ ఇంటి పిల్లలకూ తెలిసిపోయి ఉంటుంది.